సైబర్ సెక్యూరిటీ కోర్సుకు అప్పు చేయబోతున్నారా? ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉందా?

ప్రశ్న: నా వయసు 34. ఐదేళ్లు ఐటీ హెల్ప్‌డెస్క్‌లో పనిచేశాను. పాప పుట్టాక మానేసి నాలుగేళ్లయింది. మళ్లీ ఉద్యోగంలో చేరాలని ఉంది. సైబర్ సెక్యూరిటీలో లక్షల ఖాళీలున్నాయని, గ్యాప్ వచ్చిన ఆడవాళ్లకూ అవకాశాలు బాగున్నాయని ఒక శిక్షణ సంస్థ వాళ్లు చెప్పారు. ఆరు నెలల కోర్సు, జాబ్ గ్యారంటీ అంటున్నారు. ఫీజు మా ఇంటి ఆరు నెలల ఖర్చుతో సమానం. 9 శాతం వడ్డీకి, 24 నెలల వాయిదాలతో వాళ్లే లోన్ ఇప్పిస్తారట. మావారి జీతంలోంచి ఖర్చులన్నీ పోగా మిగిలేది నెల ఖర్చులో పదో వంతు. రెండు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. సీటు కోసం అడ్వాన్స్ కట్టేశాను. లోన్ తీసుకోమంటారా? లేక పొదుపంతా ఇచ్చేసి మిగతాది క్రెడిట్ కార్డుతో కట్టనా? పొదుపును ఇంకెక్కడైనా పెడితే ఎక్కువ వస్తుందా?

జవాబు: లోనూ వద్దు, కార్డూ వద్దు. ఈ రంగంలోకి రావద్దని చెప్పడం లేదు. మీలాంటివాళ్లు తప్పకుండా రావాలి. కానీ మీరు అడిగిన రెండు దారుల్లోనూ ముందుగా కరిగిపోయేది ఆ రెండు నెలల పొదుపే. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య బాగా వస్తున్నాయి. వయసులు, ఊళ్లు వేరైనా అందరిదీ ఒకటే పొరపాటు. కొత్త వృత్తిలోకి వెళ్లాలంటే అయ్యే ఖర్చు కోర్సు ఫీజేనని లెక్కేసుకుంటారు. ఉద్యోగం చేతికొచ్చేదాకా జీతం లేకుండా ఇల్లు గడపాల్సిన నెలలు ఆ లెక్కలోకి రావు. చాలామంది సగంలో ఆగిపోయేది అక్కడే.

ముందు మీ లెక్క చూద్దాం. మీ ఇంటి నెల ఖర్చు 100 అనుకోండి. ఫీజు 600. వాళ్లు నోటితో చెప్పింది 9 శాతం. మీరు పంపిన కాగితంలో దాని పక్కనే చిన్న అక్షరాల్లో ‘ఫ్లాట్’ అని ఉంది, చూశారా? నెలనెలా అసలు తీరుతున్నా, వడ్డీ మాత్రం రెండేళ్లూ మొత్తం 600 మీదే పడుతుంది. వడ్డీ 108, కలిపితే 708, నెలకు 29.50. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే ఇది 16 శాతం పైమాటే. మీకు నెలకు మిగిలేది 10, కట్టాల్సింది 29.50. తక్కువ పడే 19.50 పొదుపులోంచి తీయాలి. 200 ఉన్న పొదుపు పది నెలల్లో ఖాళీ అవుతుంది. ఆ పదిలో ఆరు నెలలు కోర్సుకే పోతాయి. ఉద్యోగం వెతుక్కోవడానికి మీకు దక్కేది నాలుగు నెలలు. ఆ పది నెలలూ ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగోకపోవడమన్నది ఉండకూడదు, మీవారి జీతం ఒక్క నెల కూడా ఆగకూడదు. పైగా ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజు, మీరు క్లాసులో ఉన్నప్పుడు పాపను చూసుకునేవాళ్లకు ఇచ్చేది... ఇవేవీ మీ ఉత్తరంలో లేనే లేవు.

క్రెడిట్ కార్డు ఆలోచన గురించి రెండు మాటలు చాలు. బాకీ ఉంచితే నెలకు 3 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే గుంజే అప్పుతో, జీతం ఎప్పుడొస్తుందో తెలియని చదువు చదువుతారా? ఆ కార్డు ఈ కోర్సు దరిదాపులకు కూడా రాకూడదు.

ఇక ఆ ‘లక్షల ఖాళీలు’. ఐఎస్‌సీ2 అనే అంతర్జాతీయ సంస్థ 2024 అధ్యయనం ప్రకారం ప్రపంచవ్యాప్తంగా సుమారు 48 లక్షల మంది సైబర్ సెక్యూరిటీ సిబ్బంది కొరత ఉంది. శిక్షణ సంస్థల ప్రకటనలన్నింటిలో తిరిగేది ఈ సంఖ్యే. కానీ అది ఇంతమంది ఉంటే బాగుంటుందన్న అంచనా. ఇన్ని పోస్టులకు నోటిఫికేషన్ పడిందని దాని అర్థం కాదు. అదే అధ్యయనంలో, మనుషులు చాలకపోవడానికి కంపెనీలు చెప్పిన ప్రధాన కారణం బడ్జెట్ లేకపోవడం. డబ్బు లేక మనుషులను తీసుకోలేని కంపెనీ మీరు ఎంత మంచి కోర్సు చేసినా తీసుకోదు. కొరత నిజమే. ఆ కొరతను చూపించి మీ చేత అప్పు చేయించడం మాత్రం వ్యాపారం.

జాబ్ గ్యారంటీ సంగతి కూడా మీ కాగితాల్లోనే ఉంది. హాజరు 90 శాతానికి తగ్గకూడదు. వాళ్లు చూపిన ఏ ఊరికైనా, ఏ షిఫ్టుకైనా వెళ్లాలి. రెండు ఆఫర్లు కాదంటే గ్యారంటీ రద్దు. నాలుగేళ్ల పాప ఉన్న తల్లి రాత్రి షిఫ్టుకు, వేరే ఊరికి వెళ్లగలదా లేదా అన్నది ఆ షరతు రాసినవాళ్లకు తెలియదంటారా? దాడులను కనిపెట్టే సాక్ కేంద్రాలు 24 గంటలూ నడుస్తాయి, కొత్తగా చేరినవాళ్లకు తరచూ పడేది రాత్రి డ్యూటీయే. మీరు కాదనాల్సి వస్తుంది, గ్యారంటీ పోతుంది, లోన్ మాత్రం ఉంటుంది. ఎందుకంటే ఫీజు మొత్తం మొదటి రోజే సంస్థకు చేరిపోతుంది, అప్పిచ్చిన కంపెనీకి బాకీ ఉండేది మీరు. కోర్సు మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు.

ఇంకోటి చూసి నాకు నిజంగా కోపమొచ్చింది. ప్యాకేజీలో సీఐఎస్ఎస్‌పీ అనే అనుభవజ్ఞుల సర్టిఫికెట్ శిక్షణ కలిపారు. ఆ సర్టిఫికెట్ చేతికి రావాలంటే సెక్యూరిటీకి సంబంధించిన ఎనిమిది విభాగాల్లో కనీసం రెండింటిలో ఐదేళ్ల పని అనుభవం ఉండాలి. డిగ్రీ లాంటివి ఉంటే ఒక్క ఏడాది తగ్గిస్తారు. అనుభవం లేకుండా పరీక్ష పాసైతే ‘అసోసియేట్’ అంటారు, ఆ అనుభవం తెచ్చుకోవడానికి ఆరేళ్ల గడువిస్తారు. ఇప్పుడే రంగంలోకి వస్తున్నవాళ్లకు దాన్ని ముందే అమ్మడం దేనికి? తప్పు సంస్థలదే కాదు. ఎంట్రీ లెవెల్ అని రాసి కింద సీఐఎస్ఎస్‌పీ అడిగే ఉద్యోగ ప్రకటనలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొత్తవాళ్లను రమ్మంటూనే గుమ్మంలో నిలబెట్టడం అంటే ఇదే.

మీ పని ఒకటే. ఆరు నెలల ఖర్చు, అంటే 600, ముందు పోగేయండి. ఇది కోర్సుకు కాదు, పరీక్షకు కాదు. మీకు జీతం లేని నెలల కోసం, మీవారి జీతానికి ఏదైనా జరిగితే దాని కోసం. ఒకే జీతం మీద నడిచే ఇంటికి మామూలుగానే ఆరు నెలలు ఉండాలంటాను. వృత్తి మారాలనుకునే ఇంటికి అది ఉండి తీరాలి. ఈ నిధి ఉన్న మనిషి ఇంటర్వ్యూలో రాత్రి షిఫ్టు కుదరదని చెప్పగలదు, మొదటి తక్కువ జీతం ఆఫర్‌కు తలూపకుండా ఇంకో నెల ఆగగలదు, పరీక్ష ఒకసారి పోయినా రెండోసారి ఫీజు కట్టగలదు. ఈఎంఐ తేదీ నెత్తిమీద ఉన్నవాళ్లకు ఈ మూడూ కుదరవు.

పదేసి చొప్పున దాస్తే మిగతా 400కు 40 నెలలు పడుతుందని మీరంటారు. నిజమే. అందుకే ముందు ఏదో ఒక జీతం రావాలి. మీరు ఐదేళ్లు చేసిన హెల్ప్‌డెస్క్ పనికే మళ్లీ అప్లై చేయండి, పగటి షిఫ్టు గానీ పార్ట్‌టైమ్ గానీ. పాప సంరక్షణకు, ప్రయాణానికి పోను నెలకు 40 మిగిలినా, ఇంట్లో మిగిలే పదితో కలిసి 50 అవుతుంది. ఎనిమిది నెలల్లో మీ నిధి సిద్ధం. కోర్సు పూర్తయ్యేనాటికన్నా రెండు నెలలు ఆలస్యం, అంతే. అప్పు మాత్రం ఉండదు.

హెల్ప్‌డెస్క్ అంటే వెనక్కి వెళ్లడమని అనుకోకండి. 2023 సెప్టెంబరులో అమెరికాలోని హోటళ్లు, క్యాసినోల కంపెనీ ఎంజీఎం రిసార్ట్స్ మీద జరిగిన సైబర్ దాడి హెల్ప్‌డెస్క్‌కు చేసిన ఒక ఫోన్ కాల్‌తో మొదలైందని వార్తలొచ్చాయి. ఆ దాడి వల్ల దాదాపు 10 కోట్ల డాలర్ల నష్టమని ఆ కంపెనీయే లెక్క చెప్పింది. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను, అర్జెంట్, రీసెట్ చేయండి’ అని ఫోన్ చేసిన మనిషి నిజంగా ఆ ఉద్యోగేనా అని ఐదేళ్లపాటు తేల్చుకున్నది మీరు. దాన్ని రెజ్యూమేలో ‘కస్టమర్ సపోర్ట్’ అని ఒక్క ముక్కలో రాసేశారు. కాల్ చేసినవాళ్ల గుర్తింపు ఎలా సరిచూసేవారు, అనుమానం వస్తే ఎవరికి చెప్పేవారు, రోజుకు ఎన్ని టికెట్లు చూసేవారు... అవన్నీ రాయండి. లోపల ఉంటే సెక్యూరిటీ టీమ్‌కు మారడం బయటినుంచి రావడంకన్నా సులువు, పరీక్ష ఫీజు కంపెనీ పెట్టుకునే అవకాశమూ ఉంటుంది.

ఆ ఎనిమిది నెలల్లో చదువు ఆగక్కర్లేదు. డబ్బు పెట్టకుండానే చాలా నేర్చుకోవచ్చు. ఓవర్‌దివైర్ అనే సైట్‌లో కమాండ్లు నేర్పే ఆట ‘బ్యాండిట్’తో మొదలుపెట్టండి. మొదట్లోనే ‘-’ అనే పేరున్న ఒక ఫైలు తెరవమంటుంది. మామూలుగా ఫైలులో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్ కొట్టి తెరవబోతే టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) ఏమీ చూపించదు, మీరేదో టైప్ చేస్తారని ఎదురుచూస్తూ ఊరుకుంటుంది. పేరుకు ముందు ‘./’ పెట్టాలని తట్టేసరికి కాస్త తల పట్టుకుంటారు, కానీ ఆ తర్వాత మర్చిపోరు. అంతా అక్షరాల్లోనే నడుస్తుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ చాలు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నడిపే పికోసీటీఎఫ్, పోర్ట్‌స్విగర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ, ఓవాస్ప్ జ్యూస్ షాప్ లాంటి సాధన వేదికలు కూడా ఉచితమే. పాప పడుకున్నాక గంట కూర్చున్నా సరిపోతుంది. సర్టిఫికెట్ కావాలంటే, కాంప్‌టియా అనే సంస్థ పెట్టే ప్రాథమిక పరీక్ష సెక్యూరిటీ ప్లస్‌కు తప్పనిసరి అర్హతేమీ లేదు. 90 నిమిషాల పరీక్ష, మూడేళ్లు చెల్లుతుంది. ఐఎస్‌సీ2 కూడా కొత్తవాళ్లకోసం సీసీ అనే పరీక్ష పెట్టి, 10 లక్షల మందికి శిక్షణ, పరీక్ష ఉచితమని 2022లో ప్రకటించింది. ఆ అవకాశం ఇప్పుడెలా ఉందో వాళ్ల సైట్‌లోనే చూసుకోండి. పాసయ్యాక ఏటా కట్టే 50 డాలర్ల ఫీజును కూడా లెక్కలో వేసుకోండి, ‘ఉచితం’ అన్నచోట ఇది చాలామందికి కనపడదు. మీకు కోడింగ్ అంటే భయమని రాశారు. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ రూపొందించిన నైస్ ఫ్రేమ్‌వర్క్‌లో ఈ రంగంలోని పనుల జాబితా ఉంది. అందులో విధానాలు రాసేవాళ్లు, సిబ్బందికి శిక్షణ ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఒకసారి తిరగేయండి.

మీ తమ్ముడికి చూపు తక్కువని, తనూ ఇదే కోర్సులో చేరాలనుకుంటున్నాడని చివర్లో ఒక్క వాక్యం రాశారు. తనకూ ముందు నిధే, తర్వాతే కోర్సు. డబ్బు కట్టేముందు ల్యాబ్‌లు స్క్రీన్ రీడర్‌తో (తెరమీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పనిచేస్తాయా అని డెమోలో తనే చేసి చూసుకోవాలి, అమ్మేవాళ్ల మాట నమ్మి కాదు. పరీక్షలో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు స్లాట్ బుక్ చేశాక అడిగితే కష్టం, ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఉద్యోగాలిచ్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ‘సర్టిఫికేషన్ ఫీజు ముందు మీరు కట్టండి, పాసయ్యాక వెనక్కిస్తాం’ అనే పద్ధతి చూడ్డానికి ఉదారంగానే ఉంటుంది. చేతిలో డబ్బున్నవాళ్లకే అది అందుతుంది. అందరినీ కలుపుకుపోతామని పోస్టర్లు వేసే బదులు ఆ ఫీజు నేరుగా కంపెనీయే కట్టేస్తే ఈమెలాంటివాళ్లు కార్డు గీకాల్సిన పని ఉండదు. ఈ రంగంలో ఆడవాళ్లు నాలుగో వంతు కూడా లేరంటే కారణాల్లో ఇదీ ఒకటని నా అనుమానం.

మిగతా ప్రశ్నలు. పొదుపు ఎక్కడ పెడితే ఎక్కువ వస్తుందన్నారు. ఈ 600 నిండేదాకా రాబడి గురించి ఆలోచించకండి, ఒక్క రోజులో తీసుకోగలిగే చోట ఉంటే చాలు. షేర్లు, ఫండ్లు ఆ తర్వాత. మీవారికి ఆఫీసు ఇచ్చే బీమా తప్ప ఇంకేమీ లేదని రాశారు. టర్మ్ పాలసీ, ఇంటిల్లిపాదికీ సొంత ఆరోగ్య బీమా ఈ నెలే తీసుకోండి. విద్యార్థి వేతనం దొరికితే సంతోషం, 2012లో మొదలైన విమెన్ ఇన్ సైబర్‌సెక్యూరిటీ లాంటి సంస్థల స్కాలర్‌షిప్‌లకు ప్రయత్నించండి, కానీ వాటిని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి.

అడ్వాన్స్ కట్టి ఎన్ని రోజులైందో మీరు రాయలేదు. రద్దు గడువు పది రోజులని మీ కాగితంలో ఉంది. ఫోన్‌లో కాదు, ఈరోజే ఈమెయిల్‌లో రద్దు కోరండి, జవాబు వచ్చేదాకా లోన్ లింకు దేన్నీ తెరవకండి. అడ్వాన్స్ కట్టేటప్పుడే ఆటో డెబిట్‌కు ఒప్పుకుని ఉంటే, బ్యాంకుకు వెళ్లి ఆ అనుమతిని రద్దు చేయించి రసీదు తీసుకోండి. అడ్వాన్స్ వెనక్కి రాకపోయినా సరే, దాన్ని కాపాడుకోవడానికి మిగతా ఫీజు మాత్రం కట్టకండి.