క్రైస్తవులు పరిణామ సిద్ధాంతాన్ని ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు. ఒప్పుకున్న క్రైస్తవులు ఎందరో ఉన్నారు, గట్టిగా కాదనేవారూ ఉన్నారు.

నరసాపురంలో మా సండే స్కూలు పిల్లవాడు ఒకడు అడిగాడు: "ఇక్కడ ఆరు రోజులంటారు, బడిలో కోట్ల ఏళ్లంటారు. ఏది నమ్మాలి?" తగవు దేవుడు ఆరు దినాల్లో సృష్టి చేశాడని చెప్పే బైబిలు మొదటి పుస్తకం ఆదికాండంలోని 'దినము' దగ్గరే మొదలవుతుంది. అది 24 గంటలేనన్నవారు బైబిల్లోని వంశావళుల్లో ఉన్న ఏళ్లు కూడి భూమికి ఆరువేల ఏళ్లంటారు. 1650లో ఐర్లాండు ఆర్చిబిషప్ అషర్ సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు. కానీ అవి మామూలు రోజులు కావని 5వ శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి అగస్టీన్ రాశాడు. మానవదేహ పరిణామాన్ని పరిశోధించవచ్చని, ఆత్మను మాత్రం దేవుడే సృష్టిస్తాడని 1950లో పోప్ 12వ పయస్ చెప్పారు.

నా దృష్టిలో అసలు చిక్కు రోజుల లెక్క కాదు, బైబిలు చెప్పే మొదటి మనిషి ఆదాము. ఆయన పాపంతోనే మరణం వచ్చిందని అపొస్తలుడు పౌలు బైబిల్లోని రోమా పత్రికలో అంటాడు. మరి మనిషికి ముందే జీవులు చనిపోతూ వచ్చాయి కదా? పౌలు చెప్పింది ఆత్మీయ మరణం, అంటే దేవుడికి దూరం కావడం అని కొందరి జవాబు. నాకు అదే సబబనిపిస్తుంది.

ఆ పిల్లవాడిని రాజమహేంద్రవరం పక్కన కాతేరుకు తీసుకెళ్లాను. రెండు నల్లరాతి లావా పొరల నడుమ సున్నపురాయి, అందులో చిటికెనవేలంత నత్తగుల్ల. వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్లు. వాడు దాన్ని చాలాసేపు అరచేతిలోనే ఉంచుకున్నాడు.