పేరు లేని జాజ్ టేపు, ఊరికి తిరిగివెళ్లిన పాట

దక్షిణాఫ్రికాలో జాజ్‌నూ స్థానిక జాతుల సంగీతాన్నీ ఆర్కైవుల్లో ఎలా కాపాడుతున్నారని, అలా దాచిన పాట మళ్లీ ఎవరి నోటనైనా పలుకుతుందా అని మీరు అడిగారు. నేను డర్బన్‌లో ఒక గ్రంథాలయపు ధ్వని విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా ఉద్యోగం. ఆ అనుభవంతో చెబుతున్నాను: పలుకుతుంది. కాకపోతే పాటతోపాటు పాడినవారి వివరాలు కూడా దాచి ఉండాలి, ఆ పాట బీరువా దాటి బడికీ, పుట్టిన ఊరికీ చేరాలి.

వివరాలు రాసిపెట్టడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆఫ్రికా సంగీతపు రికార్డులు దాచే ఇంటర్నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఆఫ్రికన్ మ్యూజిక్‌ను చూడాలి. అన్నగారి పొగాకు తోటలో పనిచేయడానికి ఇంగ్లండ్ నుంచి నేటి జింబాబ్వేకు వచ్చిన హ్యూ ట్రేసీ, అక్కడి కూలీల పాటలు నేర్చుకుని, వాటి వెంటే జీవితమంతా తిరిగి, 1954లో దానిని స్థాపించారు. ఆయన వెలువరించిన ‘సౌండ్ ఆఫ్ ఆఫ్రికా’ వరుసలో 210 ఎల్‌పీ రికార్డులున్నాయి. సంఖ్య కంటే నన్ను ఆకట్టుకున్నది ఆయన పద్ధతి. భాష, ఊరు, వాద్యం, పాడినవారి పేరు రాసుకోవడమే కాక, శ్రుతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు) వెంట తీసుకెళ్లి వాద్యాల స్వరస్థానాలను కొలిచి నమోదు చేశారు. అందువల్ల వాద్యం పోయినా, దాన్ని ఏ శ్రుతిలో మళ్లీ తయారుచేయాలో ఆ కాగితం చెబుతుంది. 1978లో ఈ సంస్థ గ్రాహమ్స్‌టౌన్‌లోని రోడ్స్ విశ్వవిద్యాలయానికి చేరింది. ఆ పట్టణాన్నే ఇప్పుడు మఖాండా అంటున్నారు.

అయితే పల్లె సంగీతాన్ని అంత శ్రద్ధగా పోగుచేసిన ట్రేసీకి, పట్టణంలో పాశ్చాత్య ప్రభావంతో పుట్టిన సంగీతంపై అంత మక్కువ లేదు. జొహానెస్‌బర్గ్ మురికివాడల్లో 1920లు, 30లలో వెలిగిన మరాబీ సంగీతం, అంటే అక్కడి జాజ్‌కు తల్లివేరు, దాని మంచిరోజుల్లో దాదాపు రికార్డు కానేలేదు. 1955 నుంచి ఆ నగరంలోనే జాజ్ వర్ధిల్లిన నల్లజాతివారి పేట సోఫియాటౌన్‌ను కూల్చివేశారు. తెల్లజాతి పియానో వాద్యకారుడూ నల్లజాతి సంగీతకారులూ కలిసి వాయించిన ‘బ్లూ నోట్స్’ బృందం జాతివివక్ష చట్టాల కారణంగా 1964లో దేశం విడిచి యూరప్ వెళ్లిపోయింది. ఆ విధంగా జాజ్ చరిత్రలో కొంత విదేశాల్లో, కొంత కంపెనీల గోదాముల్లో, కొంత కళాకారుల ఇళ్ల ట్రంకుపెట్టెల్లో చెదిరిపోయింది.

ఆ చెదిరిన దానిలోంచే ఒక రీలు నా బల్ల మీదికి వచ్చింది. డబ్బా మీద ‘జాజ్, శనివారం’ అని మాత్రమే రాసి ఉంది. పూతలోని జిగురు తేమ పీల్చి అంటుకుపోయే టేపు కావడంతో, దాన్ని ఓవెన్‌లో సుమారు 50 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి, ఆరిన తరువాత 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యత గల కంప్యూటర్ ఫైలుగా మార్చాను. శబ్దం నిర్మలంగా వచ్చింది, శాక్సోఫోన్ అద్భుతంగా ఉంది. వాయించిందెవరో ఎంతమందిని అడిగినా తేలలేదు. పేరు తెలియనిదే అనుమతి అడగడానికి మనిషి లేడు, అనుమతి లేనిదే తరగతిలో వినిపించడానికి మా నిబంధనలు ఒప్పుకోలేదు. ఆ ఫైలు ఎవరికీ వినబడకుండా ఉండిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక చదువు సంగతి. డర్బన్‌లోని నటాల్ విశ్వవిద్యాలయంలో 1983లో అమెరికన్ పియానో వాద్యకారుడు డారియస్ బ్రూబెక్ జాజ్ బోధన ప్రారంభించారు. అంతవరకు కచేరీల్లోనూ వీధుల్లోనూ నేర్చుకున్న విద్యకు అక్కడ డిగ్రీ స్థాయి దక్కింది. నా అభిప్రాయంలో జాజ్‌నూ దేశీ సంగీతాన్నీ వేర్వేరు గదుల్లో బోధించడం పొరపాటు. ఈస్టర్న్ కేప్ రాష్ట్రపు ఖోసా జాతి స్త్రీలు వాయించే ‘ఉహాడి’ అనే విల్లు వాద్యాన్నే తీసుకోండి. ఒక తీగ, ఒక సొరబుర్ర, కొట్టడానికి ఒక పుల్ల, అంతే. తీగను వదిలి ఒక స్వరం, వేలితో నొక్కి దానికి ఒక పూర్తి స్వరం ఎగువన మరొకటి. బుర్రను రొమ్ముకు దగ్గరగా, దూరంగా జరుపుతూ ఆ రెండింటి అతిస్వరాలను, అంటే ప్రతి స్వరంలో దాగి పలికే పై స్వరాలను, పైకి రప్పిస్తారు. మా గ్రంథాలయానికి వచ్చిన ఒక ఉపాధ్యాయిని ముందు ఈ విల్లు రికార్డింగును, వెంటనే ఈస్టర్న్ కేప్ జాజ్‌ను వినిపించి, ఆ రెండు స్వరాల మధ్య ఊగిసలాటను పియానో మీద వెతకమని పిల్లలను అడిగేవారు. పది నిమిషాల్లో వారికి చిక్కేది.

పాటతోపాటు వివరాలు రాసిపెట్టడం ఇంట్లోనూ చేయవచ్చు. మా ఇంటి యజమానురాలు డర్బన్ తెలుగువారిలో నాలుగో తరం మనిషి. ఆమె పెళ్లి నలుగు పాటను వరస తప్పకుండా పాడేవారు గాని, మాటల అర్థం ఆమెకు తెలియదు. ఆ పాటను ఫోన్‌లో రికార్డు చేసి, ఇద్దరం కూర్చుని, ఏ మాట ఏమిటో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ సందర్భంలో పాడతారో ఆమె పేరుతో సహా ఒక కాగితం మీద రాశాం. మూడు సాయంత్రాలు పట్టింది.

చివరగా ఊరికి చేరడం గురించి. 1950లో ట్రేసీ కెన్యాలో కిప్సిగిస్ జాతి ఆడపిల్లల పాటను రికార్డు చేశారు. అది గ్రామఫోన్‌లో విన్న అమెరికన్ గాయకుడు జిమీ రాడ్జర్స్‌ను సగం మనిషి, సగం జింకగా ఊహించి కట్టిన పాట. ఆరు దశాబ్దాల తరువాత ట్రేసీ స్థాపించిన సంస్థవారు కెన్యాలోని సంగీత సంస్థతో కలిసి ఆ రికార్డులను కిప్సిగిస్ ప్రాంతానికి తీసుకెళ్లారు. అప్పట్లో పాడినవారిలో కొందరు వృద్ధులు ఇంకా బతికే ఉన్నారు, తమ గొంతులు తామే విన్నారు. వారిని వెతకడానికి దారి చూపినవి ట్రేసీ రాసిపెట్టుకున్న ఊరిపేరు, మనుషుల పేర్లే.