ఆటకు పేరు పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు తయారుచేసి పంపిన ఫోను ఆటను వరుసగా రెండు రాత్రులు ఆడాను. వేసవిలో అడుగంటిన చెరువు నీటిని, నీళ్లు పంచే పని చూసే నీరటి తూము తలుపు ఎత్తుతూ దించుతూ ఆయకట్టు రైతులందరికీ పంచవలసి రావడం, ఒకరి మడి తడిపితే ఇంకొకరి మడి బీటలు వారడం, కాలువ చివరన పొలం ఉన్న ముసలి రైతు ఏమీ అడగకుండా గట్టు మీద కూర్చొని చూస్తూ ఉండడం, ఇవన్నీ ఆట ముగించిన తరువాత కూడా నన్ను వదలలేదు. ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాదులో ఆటలు తయారుచేసే పనిలోనే ఉన్నవాణ్ని కనుక దీని వెనుక ఎంత శ్రమ ఉందో నాకు తెలుసు. అయితే ఉత్తరం చివర "జల సంగ్రామం", "వాటర్ వారియర్" అని రెండు పేర్లు రాసి, ఏది పెట్టమంటావు మామయ్యా అని అడిగావు. రెండూ వద్దు. ఎందుకు వద్దంటున్నానో, తగిన పేరును ఎలా వెతకాలో నాకు తెలిసినంతవరకు రాస్తాను, ఓపికగా చదువు.

నీ ఆటలో ఎక్కడా యుద్ధం లేదు. "సంగ్రామం" అన్న మాట చూసి ఆటను ఫోనులోకి దించుకొన్న కుర్రవాడు మొదటి పది నిమిషాలూ శత్రువు ఎప్పుడు వస్తాడా అని చూస్తాడు. శత్రువు రాడు, వచ్చేది పక్క పొలం రైతు, అతను అడిగేది ఒక జాము నీళ్లు. ఆ కుర్రవాడు విసుగుపడి ఆటను తీసేస్తే అతణ్ని తప్పు పట్టలేము. ఇలాంటి నిదానమైన ఆట కోసమే వెతుకుతున్న మనిషి కూడా ఆ పేరు చూడగానే ఇది తనకు సంబంధించినది కాదనుకొని ముందుకు వెళ్లిపోతుంది. రావలసినవారు రాక, వచ్చినవారు నిలవక, రెండు వైపులా నష్టపోతావు.

ఈ నష్టాన్ని నేను కళ్లారా చూశాను. 2011లో టెంపుల్ రన్ వచ్చిన తరువాత ఎవరి ఫోను చూసినా పరుగులాటలే కనిపించే రోజుల్లో, నేను పనిచేస్తున్న ఒక సంస్థలో మేము చుక్కలు కలిపి ముగ్గు పూర్తిచేసే ప్రశాంతమైన ఆట ఒకటి తయారుచేశాము. విడుదలకు వారం ముందు పైవారు దాని పేరు చివర "రన్" అని తగిలించారు. మొదటి రోజుల్లో దించుకొన్నవారు మేము అనుకొన్నదానికంటే ఎక్కువే, కానీ వారు రాసిన అభిప్రాయాలన్నీ పరుగు ఎక్కడుందనే ప్రశ్నతో మొదలయ్యేవి. ముగ్గుల మీద ఆరు నెలలు కష్టపడిన అమ్మాయి వాటిని ఒక్కొక్కటిగా చదువుతూ కూర్చొనేది. ఆ నిర్ణయం జరిగిన సమావేశంలో నేను కూడా ఉండి నోరు విప్పలేదు. ఆ బాధతోనే ఇప్పుడు నీకు ఇంత నిక్కచ్చిగా చెబుతున్నాను.

మన పాత ఆటల పేర్లను ఒక్కసారి గుర్తు తెచ్చుకో. పులి-మేక అన్న పేరులో ఎవరికి ఎవరు ప్రత్యర్థులో తెలిసిపోతుంది. ఏడు పెంకులాట అంటే ఏయే వస్తువులు తెచ్చుకోవాలో తెలుస్తుంది. అష్టాచెమ్మాలో గవ్వలు అన్నీ బోర్లా పడితే ఎనిమిది, అన్నీ వెల్లకిలా పడితే నాలుగు. ఆడేవారు నోరారా అరిచే ఆ రెండు పందేలే ఆటకు పేరయ్యాయి. చెడుగుడు అయితే కూతకు వెళ్లినవాడు ఊపిరి బిగబట్టి పలికే శబ్దమే. ఈ పేర్లను ఎవరో ఒక గదిలో కూర్చొని ఆలోచించి పెట్టలేదు, ఆడేవారి నోటి నుంచి, చేతుల నుంచి అవి పుట్టాయి. జపానులో 1980లో తోరు ఇవతాని రూపొందించిన వీడియో గేమ్ పాక్‌మాన్ కూడా ఇదే కోవలోనిది, నోరు తెరుస్తూ మూస్తూ తినే చప్పుడుకు జపనీయులు వాడే "పాకు పాకు" అన్న ధ్వన్యనుకరణమే దాని పేరుకు మూలం.

వైకుంఠపాళి గురించి మాత్రం కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఒకే ఆటకు రెండు పేర్లు ఉన్నప్పుడు ఏమవుతుందో దానిలోనే స్పష్టంగా కనబడుతుంది. ఇంగ్లీషువారి పేరు పాములనూ నిచ్చెనలనూ చెబుతుంది, అంటే పటం మీద కంటికి కనబడే సాధనాలను చెబుతుంది. మన పరమపద సోపానం అన్న పేరు చేరవలసిన చివరి గడిని చెబుతుంది. మొదటి పేరుతో ఆడే పిల్లవాడు పెద్ద పాము నోట పడినప్పుడు పందెం బాగా పడలేదనుకొంటాడు. రెండో పేరుతో ఆడిన మా నాయనమ్మ అదే గడిలో పడినప్పుడు చేసిన పాపమేదో గుర్తు వచ్చినట్టు ఒక్క క్షణం ఆగి, తరువాతే గవ్వలు అందుకొనేది. రెండు పేర్లూ నిజమే చెబుతున్నాయి, కానీ ఆటలో దేన్ని ముఖ్యంగా చూడాలో ఒక్కో పేరు ఒక్కో విధంగా నేర్పుతోంది. నీ ఆటకు నువ్వు పెట్టే పేరు కూడా ఆడేవారి చూపును ఎక్కడో ఒకచోట నిలబెడుతుంది కనుక, ఎక్కడ నిలబెట్టాలో ముందుగా నువ్వే తేల్చుకోవాలి.

అందుకు నేను ఎప్పుడూ మొదట చేసే పని ఒకటుంది. కథను, పాత్రలను, బొమ్మలను పక్కన పెట్టి, ఆడే మనిషి చేతులు నిమిషానికి ఎక్కువసార్లు చేసే పనులేమిటో క్రియాపదాలుగా కాగితం మీద రాస్తాను. మైన్‌క్రాఫ్ట్‌ను మొదటి రోజుల్లో దాని రూపకర్త మార్కస్ పెర్సన్ "కేవ్ గేమ్" అని పిలిచేవాడు. అంటే గుహల ఆట అని. అది స్థలాన్ని చెప్పే పేరు. తరువాత నిలిచిన పేరులో రెండు పనులు ఉన్నాయి: తవ్వడం, తవ్వినదానితో ఒక వస్తువును తయారుచేయడం. కోట్లమంది ఆ ఆటలో ఈనాటికీ చేస్తున్నవి ప్రధానంగా ఆ రెండు పనులే. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్ పేరులో నాలుగు అనే అర్థమిచ్చే గ్రీకు మాట ఉంది, పైనుంచి పడే ప్రతి బిళ్లా నాలుగు చదరాలతో ఏర్పడినదే కనుక ఆ పేరు లెక్క తప్పలేదు. దానికి ఆయన తనకు ఇష్టమైన టెన్నిస్‌ను కలుపుకొన్నాడు. టెన్నిస్‌కూ ఆటకూ ఏ సంబంధమూ లేకపోయినా, కలిపి పలికినప్పుడు నోటికి హాయిగా ఉంటుంది. పేరులో సగం నిజంగా నిలబడితే మిగతా సగం చెవికి వదిలిపెట్టవచ్చునని నాకు నేర్పినది ఆ ఆటే.

"మరి ఆటతో పొంతన లేని పేర్లు కూడా గొప్పవయ్యాయి కదా మామయ్యా" అని నువ్వు అడుగుతావని తెలుసు. అవును, అయ్యాయి. 1986లో వచ్చిన ద లెజెండ్ ఆఫ్ జెల్డాలో మనం నడిపే వీరుడి పేరు లింక్, జెల్డా రాకుమారి. రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్ భార్య పేరు వినసొంపుగా ఉందని ఆట రూపకర్త షిగెరు మియామోటో దాన్ని తీసుకొన్నాడు. ఆ వీరుడినే జెల్డా అనుకొన్నవారు లెక్కలేనంతమంది. ఆ వరుసలో జెల్డాయే ముఖ్య పాత్రగా నడిచే ఆట 2024లో గాని రాలేదు. ఫైనల్ ఫాంటసీ సంగతి ఇంకా విచిత్రం. 1987లో మొదలైన ఆ "చివరిది" 2023 నాటికి పదహారో సంఖ్యకు చేరింది. ఇదే తన ఆఖరి ప్రయత్నం అనుకొని దాని రూపకర్త హిరోనోబు సకగుచి ఆ పేరు పెట్టాడని అందరూ చెప్పుకొంటారు కానీ, పొడి అక్షరాలు రెండు "ఎఫ్"లు కావాలనుకొన్నామనీ, మొదట అనుకొన్న "ఫైటింగ్ ఫాంటసీ" అప్పటికే మరొకదానికి ఉండడంతో "ఫైనల్" అన్నామనీ ఆయనే తరువాత వివరించాడు. ఈ రెండు ఆటలకూ వెనుక పెద్ద సంస్థలు ఉన్నాయి, దశాబ్దాల పాటు ఒకదాని తరువాత ఒకటిగా భాగాలు వచ్చాయి. ఆ కాలమంతా కలిసి పేరుకు అర్థాన్ని సంపాదించి పెట్టింది. నీ దగ్గర ఆ కాలం లేదు. వందల ఆటల మధ్య ఒక చిన్న బొమ్మ, దాని కింద ఒక పేరు, వాటిని చూసే మనిషి ఇచ్చే రెండు మూడు క్షణాలు, నీకున్నది అంతే. వాళ్ల దారిలో నువ్వు వెళ్లవద్దు.

ఆడకముందు ఒక అర్థం, ఆడిన తరువాత మరింత లోతైన అర్థం ఇచ్చే పేర్లంటే నాకు చాలా ఇష్టం. లూకాస్ పోప్ ఒక్కడే తయారుచేసి 2013లో విడుదల చేసిన పేపర్స్, ప్లీజ్ అన్న ఆటను నువ్వు తప్పక ఆడాలి. సరిహద్దు దగ్గర కూర్చొన్న తనిఖీ ఉద్యోగి రోజంతా అనే మాట అది, "కాగితాలు చూపించండి" అని. వినడానికి మర్యాదగానే ఉంటుంది. కాగితంలో ఒక చిన్న పొరపాటు వల్ల భార్యాభర్తలను విడదీయవలసి వచ్చినప్పుడు, అలా చేయకపోతే నీ జీతంలో కోత పడి ఇంట్లో పిల్లవాడికి మందులు కొనలేనప్పుడు, ఆ "ప్లీజ్" అన్న మాట ఎంత క్రూరమైనదో అర్థమవుతుంది. ఆట చేతులతో చేయించే పని, ఆట మనసులో మిగిల్చే బరువు, రెండూ ఆ రెండు మాటల్లో ఇమిడిపోయాయి. నీ ఆటకు ఆ శక్తి ఉందని నమ్ముతున్నాను కనుకనే దాన్ని ఉదాహరణగా చూపుతున్నాను.

భాష గురించి కూడా ఆలోచించు. మేము ఇంటర్నెట్ సెంటర్లలో గంటకు ఇంత అని ఇచ్చి ఆడిన రోడ్ రాష్ పేరులోని మాటను మాలో చాలామంది "రాష్ డ్రైవింగ్" అనే అర్థంలోనే తీసుకొన్నాము. బండి మీద నుంచి పడినప్పుడు తారురోడ్డుకు ఒరుసుకొని చర్మం గీరుకుపోవడాన్ని అమెరికాలో అలా అంటారని నాకు ఉద్యోగంలో చేరాక గాని తెలియలేదు. పక్క బండివాణ్ని గొలుసుతో కొట్టి పడేసే ఆట కనుక రెండు అర్థాలూ నప్పాయి, అది ఆ ఆట అదృష్టం. గొరిల్లా ఉండే డాంకీ కాంగ్ ఆటకు ఆ అదృష్టం లేదు. డాంకీ అంటే మొండి, మొద్దు అనే అర్థం వస్తుందని దాన్ని కూడా రూపొందించిన మియామోటో అనుకొన్నాడు. ఇంగ్లీషు వచ్చినవారు మాత్రం 1981 నుంచి గాడిద ఎక్కడుందని అడుగుతూనే ఉన్నారు. రాని భాష నుంచి అరువు తెచ్చుకొన్న మాట ఎటు తిరుగుతుందో చెప్పలేము. నీరటి అన్న మాట నీకు మీ అమ్మ నోటి నుంచి వచ్చింది, దాని బరువు నీకు తెలుసు. అలాంటి మాట చేతిలో ఉండగా "వారియర్" దాకా వెళ్లడం నాకు అర్థం కాలేదు. తెలుగు పేరు పెడితే బయటివారికి ఎక్కదేమోనని భయపడకు. ప్లేయర్‌అన్‌నోన్స్ బాటిల్‌గ్రౌండ్స్ అన్న అంత పొడవైన పేరును మన పిల్లలు ఊరూరా "పబ్జీ" చేసుకొన్నారు. ఆ మొదటి మాట బ్రెండన్ గ్రీన్ అనే ఆయన ఇంటర్నెట్‌లో తనకు తాను పెట్టుకొన్న పేరని ఆడినవారిలో ఎందరికి తెలుసు? పలకడానికి వీలుగా ఉంటే పరాయి పేరైనా నోటికి అలవాటవుతుంది. రెండు మూడు అక్షరాల తెలుగు మాటను బయటివారు కూడా తేలికగానే పలుకుతారు.

ఖాయం చేసే ముందు అదే పేరుతో వేరే ఆట ఉందేమో తెలుగులోనూ ఇంగ్లీషు లిపిలోనూ వెతికి చూడు. క్యాండీ క్రష్ సాగా తయారుచేసిన సంస్థ "సాగా" అన్న ఒక్క మాట కోసం, ద బ్యానర్ సాగా అనే ఆటను తయారుచేసిన చిన్న బృందం అడిగిన ట్రేడ్‌మార్కుకు అభ్యంతరం చెప్పింది. చివరకు రాజీ కుదిరినా, అలాంటి తలనొప్పిని భరించే స్తోమత నీకు లేదు.

ఇక నా ఆలోచన. క్రియాపదాల కాగితం నీ ఆటకు నేనే రాసి చూశాను: ఎత్తడం, దించడం, మళ్లించడం, ఎదురుచూడడం. వాటిలో మొదటి రెండు పనులూ జరిగేది తూము దగ్గర కనుక "తూము" అన్నది నిజాయితీ గల పేరు. చిన్నది, పలకడానికి సులువు, చెరువు కింద వ్యవసాయం తెలిసినవారికి వెంటనే బొమ్మ కడుతుంది. కానీ నా మనసు "ఆఖరి మడి" వైపు మొగ్గుతోంది. చూసినవారికి మొదట అది కాలువ చివరన ఉన్న ఒక పొలం మాత్రమే. ప్రతిరోజూ నీళ్లు పంచుతూ, చివరకు ఆ ముసలి రైతు వంతు వచ్చేసరికి ఏమీ మిగలని పరిస్థితి మూడు సార్లు ఎదురయ్యాక, ఆ పేరు మరోలా వినబడుతుంది.

అయితే ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. ఇప్పుడున్న ఆటలో మొదటి రెండు దశల్లో ఆ ముసలి రైతు తెర అంచున, చెట్టు నీడలో సరిగా కనబడడం లేదు. నేను కూడా అతణ్ని మూడో దశలోనే గమనించాను. "ఆఖరి మడి" అని పేరు పెట్టి అతణ్ని అలాగే వదిలేస్తే ఆ పేరు కూడా "సంగ్రామం" లాంటిదే అవుతుంది. ఆ పేరు కావాలనుకొంటే మొదటి రోజు తూము ఎత్తగానే నీళ్లు పారుతూ అతని మడి దాకా చేరడం ఒక్కసారైనా చూపించు, తరువాత చేరకపోవడం తెలిసేటట్టు. అది నీకు ఇష్టం లేకపోతే "తూము" అని పెట్టి ఆటను ఉన్నదున్నట్టు ఉంచు.

ఆట గురించి ఏమీ తెలియని పదిమందికి, వారిలో ఇద్దరు ముగ్గురు మీ అమ్మ వయసువారు ఉండేలా చూసుకొని, ఈ రెండు పేర్లనూ వేర్వేరు కాగితాల మీద రాసి చూపించు. ఇందులో ఏం చేయాల్సి ఉంటుందనుకొంటున్నారని మాత్రమే అడిగి, వారు చెప్పిన మాటలను నువ్వు సవరించకుండా రాసుకో. తరువాత ఆటను ఒక అరగంట ఆడించి అదే ప్రశ్న మళ్లీ అడుగు. ఆ కాగితాలు పట్టుకొని వచ్చే ఆదివారం ఇంటికి రా, అత్తయ్య నీకోసం ఎదురుచూస్తోంది. భోజనం అయ్యాక ఇద్దరం కూర్చొని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య