తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లు ఎంఏ ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదవగలరా?

చదవగలరు. బీఏ తెలుగు మీడియంలో చేశానని, అంతర్జాతీయ సంబంధాలు, భద్రత మీద ఎంఏ చేయాలని ఉన్నా ఇంగ్లీషుకు భయపడుతున్నానని రాశారు. నేను ఢిల్లీలోని జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ)లో అదే చదివాను, నాదీ తెలుగు మీడియమే.

ఇంగ్లీషు కంటే ముందు కోర్సు ఎలా ఉంటుందో చెబుతాను. టీవీలో యుద్ధ వార్తల మీద జరిగే చర్చలాంటిది కాదు. ఒప్పందాలు, తీర్మానాలు అక్షరం అక్షరం చదవాలి. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్నే తీసుకోండి, అందరూ ఎన్‌పీటీ అనేది దాన్నే. 1968లో సంతకాలు మొదలై 1970లో అమల్లోకి వచ్చింది. ఉన్నవి 11 అధికరణాలే. 1967 జనవరి 1కి ముందు అణు పరీక్ష జరిపినదే అణ్వస్త్ర దేశమని తొమ్మిదోదాంట్లో ఉంది. 1964లో పరీక్ష జరిపిన చైనాకి అందులో చోటు దొరికింది. 1974లో ఒకసారి, 1998లో మళ్లీ పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపిన మనకు ఆ ఒప్పందం ప్రకారం ఎప్పటికీ ఆ హోదా రాదు. మనం సంతకం ఎందుకు పెట్టలేదో, 1974 పరీక్ష తర్వాత అణు ఎగుమతులను నియంత్రించే దేశాల కూటమి, అంటే అణు సరఫరాదారుల బృందం, ఎందుకు పుట్టిందో, 2008లో అదే బృందం మనతో అణు వ్యాపారానికి ఇచ్చిన మినహాయింపు ఎందుకంత పెద్ద విషయమైందో ఆ తేదీ దగ్గర మొదలుపెడితేనే నాకు అర్థమైంది. ఆరో అధికరణం నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరపమంటుంది. అది చదివి, ఇవాళ్టికీ ఉన్న బాంబుల నిల్వలు చూస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది. మీకూ అలా అనిపిస్తే ఈ సబ్జెక్టు మీదే.

ఇక ఇంగ్లీషు. మాట్లాడటం కంటే చదివే వేగం ముఖ్యం. మొదటి సెమిస్టర్లో థియరీ పేపర్ టెన్షన్ పెడుతుంది. ఒక్కో వ్యాసం చదివాక రచయిత వాదన ఏమిటో తెలుగులో నాలుగు వాక్యాల్లో రాసుకునేదాన్ని. ఒక దేశం ఆత్మరక్షణకని ఆయుధాలు పెంచితే పక్క దేశం భయపడి తానూ పెంచుతుంది, చివరికి ఇద్దరికీ భద్రత తగ్గుతుంది. 'సెక్యూరిటీ డైలమా' అంటే ఇంతే. తెలుగులో ఇలా చెప్పలేకపోతే ఆ వ్యాసం మళ్లీ చదివేదాన్ని.

జేఎన్‌యూ ప్రవేశాలు ఇప్పుడు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతున్నాయి. పాండిచ్చేరి, జాదవ్‌పూర్ యూనివర్సిటీల్లో కూడా ఈ ఎంఏ ఉంది, అవీ చూడండి.

ఉద్యోగం మాట దాచకుండా చెబుతాను. ఎంఏ ఒక్కటే చాలదు. సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ రెండో పేపర్‌కి ఈ చదువు బాగా పనికొస్తుంది. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే యూజీసీ నెట్ పరీక్ష రాసి, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ కోసం ప్రయత్నించాలి, మొదటి ఏడాదిలోనే ఒక విదేశీ భాష పట్టుకోవాలి. చైనా మీద పనిచేయాలంటే చైనీస్, పశ్చిమాసియా మీదైతే అరబిక్ లేదా పర్షియన్. ఆ దేశం వాళ్లు తమలో తాము ఏం రాసుకుంటున్నారో నేరుగా చదవగలిగినవాళ్లు మనకింకా చాలా తక్కువమందే ఉన్నారు.