పాముకి మనవాళ్ళు పెట్టిన పేర్లు: మేనకోడలికి ఉత్తరం

పర్లాకిమిడి,
నాగులచవితి వెళ్ళిన మూడో రోజు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. నారింజ రంగు ఒంటి మీద ఎర్ర మచ్చలు, గాజుపెట్టెలో చుట్టుకుని పడుకున్న పిల్ల పాము. "మామయ్యా, కొననా?" అని ఒక్క ముక్క రాశావు. మీ అమ్మ మాత్రం ఫోన్లో అరగంట మాట్లాడి, "నువ్వైనా దానికి నచ్చజెప్పు అన్నయ్యా" అంది. 31 ఏళ్ళు జూలో పాముల మధ్య బతికిన నేను నీకు వద్దని చెప్పడంలో న్యాయం లేదు. అలాగని సరే అని ఒక్క ముక్కలో తేల్చే విషయమూ కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మొన్న చవితినాడు మీ అత్తతో కలిసి మహేంద్రతనయ గట్టు దగ్గరున్న పుట్టకి వెళ్ళాను. మనవాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసి వచ్చారు. చిమ్మిలి, చలిమిడి, అరటిపళ్ళు, చెంబులకొద్దీ పాలు. పక్కనే పిల్లలు టపాసులు కాల్చారు. పాము పాలు తాగదని నీకు తెలుసు. లోపల నిజంగా పాము ఉంటే ఆ పాలూ ఆ మోతా దానికి ఎంత బాధో చెప్పలేను. గట్టు దిగే చోట ఒకతను బుట్టలో నాగుపాముని పెట్టుకుని డబ్బులడుగుతున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే కోరలు పీకేశారు, దవడ వాచి ఉంది. చవితికి ముందు ఇలాంటి పాముల్ని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఉంచుతారు. ఆ దాహానికి అది గిన్నెలో మూతి పెడితే మన భక్తికి మెచ్చి తాగిందనుకుంటాం. అటవీశాఖకి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

కాబట్టి నా మొదటి మాట ఇది. మన నేల మీద తిరిగే పాముని ఏదీ ఇంట్లో పెట్టుకోకు. జెర్రిపోతు పిల్లయినా, నీరుకట్టయినా, ఎవరో పొలంలో దొరికిందని తెచ్చిన కొండచిలువ పిల్లయినా వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, జైలుదాకా వెళ్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, అడవిలో పుట్టిన పాము పెట్టెలో తిండి మానేసి, లోపలి పురుగులతో, బెదురుతో నెలల్లో చచ్చిపోవడం నేను చాలాసార్లు చూశాను. రెండుతలల పాము ఇంట్లో ఉంటే కోట్లు వస్తాయని చెప్పేవాడు కూడా తగులుతాడు. దానికున్నది ఒకటే తల. మొండి తోకని చూసి రెండో తల అనుకుంటారు. అలాంటివాడితో మాట కూడా కలపకు.

నీకు చిన్నప్పుడు రురుడి కథ చెప్పానో లేదో గుర్తులేదు. ఆదిపర్వంలో వస్తుంది. పెళ్ళి దగ్గరపడ్డ ప్రమద్వర పాముకాటుకి చనిపోతే, రురుడు తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకుంటాడు. ఆ కోపంతో కర్ర పట్టుకుని కనబడ్డ పామునల్లా చంపుతూ పోతాడు. ఒకరోజు ముసలి డుండుభం మీద కర్ర ఎత్తుతాడు. డుండుభమంటే విషం లేని పాము. నేను నీకేం చేశానని అది అడుగుతుంది, రూపం పాములా ఉన్నంత మాత్రాన కాటేసేదాన్ని కానంటుంది. మన వీధుల్లో ఇప్పటికీ కర్రదెబ్బలు తినేది ఎక్కువగా ఈ డుండుభాలే. నీకు పాములంటే ఇష్టమైతే ముందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రాసుకుంటూ బుసకొట్టే చిన్న పింజర, ఈ నాలుగింటినీ గుర్తుపట్టడం నేర్చుకో. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విషం విరుగుడు మందు ఈ నాలుగింటి కాటుకే తయారుచేస్తారు. ఎవరినైనా కరిస్తే మంత్రమూ వద్దు, కోయడమూ వద్దు, కట్టు బిగించడమూ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక పెంచే పాము సంగతి. నీ ఫొటోలోది కార్న్ స్నేక్, అమెరికా ఆగ్నేయ ప్రాంతానిది. విషం లేదు. మన జెర్రిపోతులాగే ఎలుకల కోసం ధాన్యపు కొట్ల చుట్టూ తిరిగే జాతి. కడుపు కింద మొక్కజొన్న గింజలు పేర్చినట్టు గళ్ళుంటాయి, మీ రాయగడ కొండల మీద పండే మొక్కజొన్నలాగే. నాలుగైదు అడుగులు పెరుగుతుంది, 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. మొదటిసారి పెంచేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే. చాలామంది బాల్ పైథాన్ అనే చిన్న ఆఫ్రికా కొండచిలువ పేరు చెబుతారు. అదీ మెత్తని జీవమే, భయపడితే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుపోతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశంలో, వీదా అనే ఊళ్ళో వాటికి గుడే ఉంది. ఆ సంగతి చదివినప్పుడు మన పుట్టలు గుర్తొచ్చి ఒళ్ళు పులకరించింది. కానీ దానికి వేడీ తేమా రెండూ సరిగ్గా కుదరాలి, పైగా తిండి దగ్గర మహా పట్టుదల. అది రెండో పాముగా చూద్దువు గాని.

బాల్ పైథాన్ లాంటివి సైటిస్ అనే, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలో ఉన్నాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవం చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖవాళ్ళ పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. కార్న్ స్నేక్ ఆ పట్టికలో లేదు. అయినా ఎక్కడ పుట్టింది, ఎవరు అమ్మారు అన్న కాగితం లేకుండా కొనకు. పాతపట్నం దగ్గర మనకి రాష్ట్రమే మారిపోతుంది. చెక్‌పోస్టులో పెట్టె తెరవమంటే నీ చేతిలో ఆ కాగితం ఉండాలి.

ఎలా పెంచాలో చెప్పే ముందు ఒక మాట. జూలో చేరిన కొత్తలో నాకు ఇంగ్లీషు పుస్తకాలు అర్థమయ్యేవి కావు. మన నిఘంటువులో పాముకున్న పేర్లు చదువుకునేవాణ్ణి. ఒక్కో పేరూ ఒక్కో పాఠం. వాటిని పెట్టినవాళ్ళు పాముని ఎంతసేపు చూసి ఉంటారో!

పవనాశనం అన్నారు, అంటే గాలిని తిని బతికేది. గాలి తిని ఏదీ బతకదు, కానీ నెలల తరబడి ఏమీ తినకుండా ఉండడం వాళ్ళు చూశారు. మా జూలో ఒక బాల్ పైథాన్ ఐదు నెలలు ముద్ద ముట్టలేదు. నేను నిద్రలు మానుకున్నాను. వారం వారం తూకం వేస్తే బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు. ఆరో నెలలో ఏమీ జరగనట్టే ఎలుకని అందుకుంది. కార్న్ స్నేక్ అంత మొండిది కాదు గానీ, చలికాలంలో అదీ కాస్త వెనక్కి తగ్గుతుంది. గ్రాములు చూపించే వంటింటి తూకం ఒకటి దాని కోసమే కొను, ప్రతి వారం బరువు రాసిపెట్టు. ఒకటి రెండు వారాలు తినకపోతే టెన్షన్ పడకు. బరువు వరసగా పడిపోతుంటేనే డాక్టరు. ఆ డాక్టరు ఎవరో పాము కొనకముందే కనుక్కో. పశువుల డాక్టరు ప్రతి ఊళ్ళో ఉంటాడు, పాముని చూసే డాక్టరు కోసం నువ్వు విశాఖకో భువనేశ్వర్‌కో పోవాల్సి రావచ్చు.

తిండి ఎలుకే. పిల్లప్పుడు వారానికొకటి, పెద్దయ్యాక పది పదిహేను రోజులకొకటి. పాము నడుం ఎంత లావుందో ఎలుక అంత లావుంటే చాలు. గడ్డకట్టించిన ఎలుకల్ని తెప్పించి, పూర్తిగా కరిగించి, గోరువెచ్చని నీళ్ళలో కవరుతో ఉంచి వేడెక్కాక పొడవాటి పట్టకారుతో ఇవ్వాలి. బతికున్న ఎలుకని పెట్టెలో వదలకు, ఎలుక కరిచి కన్ను పోగొట్టుకున్న పాముల్ని చూశాను. ఇంట్లో బోనులో పడ్డ ఎలుకా వద్దు, అది ఎక్కడో మందు తిని ఉంటుంది. మీ ఇంటివాళ్ళు ఫ్రిజ్‌లో ఎలుకల్ని పెట్టనిస్తారా? మీ అమ్మ వచ్చి ఉన్నప్పుడు? దీనికి జవాబు లేకపోతే అక్కడితో ఆగిపో. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ద్విజిహ్వం, రెండు నాలుకలది. అమృతకలశం పెట్టిన దర్భల్ని ఆశగా నాకినందుకు నాలుక చీలిందని కథ. పాము నిజంగానే నాలుకతో ప్రపంచాన్ని నాకుతుంది. గాలిలో వాసనని రెండు కొసలతో పట్టి అంగిట్లోకి చేర్చుకుని, ఎటువైపు ఎక్కువుందో తెలుసుకుంటుంది. అందుకే ఎలుకని ముట్టుకున్న చేత్తో పాముని పట్టుకోకు. దానికి అప్పుడు నువ్వు కనబడవు, ఎలుకే తెలుస్తుంది. ముందు సబ్బుతో కడుక్కుని పట్టుకో, వదిలాక మళ్ళీ కడుక్కో, దాని ఒంటి మీది సూక్ష్మక్రిములు నీ కడుపులోకి పోకుండా. కరిచినా చిన్న గీతలు పడతాయంతే. తిన్న తర్వాత రెండు రోజులు అసలు తాకొద్దు, కక్కేస్తుంది. ఇంటికి తెచ్చిన మొదటి వారమూ అంతే. నీళ్ళు మార్చి పక్కకి తప్పుకో.

చక్షుశ్శ్రవం, కళ్ళతో వినేది. బయటికి చెవి కనబడదు కాబట్టి ఆ పేరు. అది ఎక్కువగా నేల అదురుని దవడ ఎముకల ద్వారా వింటుంది. పెట్టెని వాషింగ్ మెషీన్ పక్కన, టీవీ స్పీకర్ దగ్గర పెడితే దానికి రాత్రీ పగలూ భూకంపమే.

కంచుకి, అంటే కుబుసం తొడుక్కున్నది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఇది నా మనసులో ముల్లు. ఉద్యోగంలో రెండో ఏడు. ఒక కొండచిలువ కుబుసం విడిచింది గానీ కంటి మీది పొర ఊడలేదు. పాముకి రెప్పలుండవు, కంటి మీద గాజులాంటి పొలుసుంటుంది, అదీ కుబుసంతోపాటు ఊడాలి. పెద్ద కీపర్ వచ్చేదాకా ఆగలేక నేనే పట్టకారుతో లాగాను. పాత పొరతోపాటు కింది పొర కూడా వచ్చేసింది. ఆ కన్ను పోయింది. అది ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది, తొమ్మిదేళ్ళూ దాని గిన్నె నేనే కడిగాను. వినత కథ వినే ఉంటావు. కద్రువ గుడ్లన్నీ పిల్లలైపోయాయని తొందరపడి తన గుడ్డుని పగలగొడితే, నడుం కింద రూపం లేని అనూరుడు బయటికొచ్చాడు. ఆ కథ ఎక్కడ విన్నా నాకు ఆ కొండచిలువ కన్నే కనబడుతుంది. నీ పాము కళ్ళు పాలనీలంగా మారితే కుబుసం దగ్గరపడిందని గుర్తు. అప్పుడు ముట్టుకోకు, తిండి పెట్టకు. పెట్టెలో తడిగుడ్డ పరిచిన చిన్న డబ్బా పెట్టు. ముక్కలుగా ఊడినా నీ గోరు దానికి తగలనివ్వకు.

పాముకి పాలుపోసి పెంచినట్టు అని మీ అమ్మ అననే అంటుంది. ఆ సామెతతో నాకు పేచీ ఉంది. పాము పాలూ తాగదు, విశ్వాసఘాతకమూ చేయదు. పగ పట్టడం దానికి చేతకాదు, ప్రేమించడమూ చేతకాదు. నీ చేతి వాసన అలవాటై బెదరడం మానేస్తుంది, అంతవరకే. నీకిప్పుడు 24. ఈ పాము ఉన్నంతకాలంలో నీకు పెళ్ళవుతుంది, బదిలీలవుతాయి, పిల్లలు పుడతారు. తిరిగి ఏమీ ఇవ్వని జీవానికి అన్నేళ్ళు నీళ్ళు మార్చగలవా? నేను మార్చాను, సంతోషంగా మార్చాను. నువ్వు వేరే మనిషివి కాబట్టి అడుగుతున్నాను.

పెట్టె నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి, పిల్లప్పుడు చిన్నది చాలు. తాళం పడాలి, చిటికెనవేలు పట్టే సందు ఉన్నా వెళ్ళిపోతుంది. ఒక చివర వెచ్చగా 28 నుంచి 30 డిగ్రీలు, రెండో చివర 22 నుంచి 24. రెండు చివరలా దాక్కోవడానికి చోటు. పగిలిన మట్టికుండ ముక్క బోర్లిస్తే అంతకంటే మంచిది ఉండదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. విదేశాలవాళ్ళు చెప్పే సలహాలన్నీ పాముని ఎలా వెచ్చగా ఉంచాలనే. రాయగడ చలిరాత్రులకి, వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ ఉన్న హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే పరుపు, నీకూ కావాలి. కానీ మన దగ్గర పాముని చంపేది మే నెల. నీది మేడమీద గది, పైన స్లాబు. 35 దాటితే కార్న్ స్నేక్ ప్రాణానికే ముప్పు. రోజంతా నీళ్ళగిన్నెలో మునిగి ఉన్నా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా అప్పటికే ఆలస్యమైందని లెక్క. నువ్వు బ్యాంకులో ఉండగా మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే ఆ గదిలో ఏం జరుగుతుంది? గాజుపెట్టె పొయ్యి అవుతుంది. కింది వాటాలోకి మారడమో, ఏసీకి సరిపడే ఇన్వర్టరో, పగలు చూసే మనిషో, ఏదో ఒకటి ముందే కుదరాలి.

అందుకని పాముని ఇప్పుడు కొనకు. పెట్టె కొను. ఎక్కువా తక్కువా రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్లు రెండు కొను, రెండు చివరలా పెట్టు. ఖాళీ పెట్టెలో రోజూ నీళ్ళు మార్చు, రోజూ రెండు అంకెలూ రాయి. పుష్యంలో రాయి, మే నెలలో రాయి. వానలు పడ్డాక ఆ నోటుబుక్కు పట్టుకుని గుణుపురం బండెక్కి రా. ఇద్దరం కూర్చుని చూద్దాం. అంకెలు బాగుంటే పాముని తేవడానికి నేనూ నీతో వస్తాను, మీ అమ్మతో నేనే మాట్లాడతాను.

అత్త నీకోసం చిమ్మిలి డబ్బాలో పెట్టింది. రాయగడ వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపుతాను.

మీ పెద్ద మామయ్య