ఇల్లు మారితే అబ్బాయికి సైకోసిస్ ముప్పు పెరుగుతుందా?

ప్రశ్న: మా తమ్ముడు స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు. మేము ఉద్యోగరీత్యా ఒక పెద్ద నగరానికి మారుతున్నాం. ఆ కాలనీలో మాకు తెలిసినవారు లేరు, మా భాషవారూ తక్కువే. నగరాల్లో పెరిగే పిల్లలకు ఈ జబ్బు ఎక్కువని చదివాను. మా అబ్బాయికి 14 ఏళ్లు. వెళ్లడం మానుకోవాలా? – ఒక పాఠకురాలు

జవాబు: మానుకోనక్కర్లేదు. లేని మాటలు వినిపించడం, నిజం కాని అనుమానాలను గట్టిగా నమ్మడం వంటి స్థితిని సైకోసిస్ అంటారు, స్కిజోఫ్రీనియా అందులో ఒక జబ్బు. మీరు చదివినదాంట్లో నిజం ఉంది గానీ అది సగమే. 1939లో ఫారిస్, డన్‌హామ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు షికాగోలో ఆస్పత్రుల్లో చేరిన రోగుల చిరునామాలను పరిశీలించగా, జనం నిలకడగా ఉండని నగర మధ్య ప్రాంతాల్లో స్కిజోఫ్రీనియా ఎక్కువగా, శివార్లకు పోయేకొద్దీ తక్కువగా కనిపించింది. జబ్బుతో ఉద్యోగం, కుటుంబం పోగొట్టుకున్నవారే అక్కడి చౌక గదులకు చేరి ఉంటారన్న వాదనా ఉంది, అందులోనూ కొంత వాస్తవం లేకపోలేదు. అయితే 2001లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనం జబ్బు రాకముందు బాల్యం ఎక్కడ గడిచిందో చూసింది. మొదటి 15 ఏళ్లలో నగరంలో గడిపిన కాలం పెరిగేకొద్దీ ముప్పూ పెరిగింది.

ఆ ముప్పు రెట్టింపయినా, మూలంలో అది నూటికి ఒకరి లోపే ఉన్న జబ్బు. మేనమామకు ఉంటే అవకాశం కొంత పెరిగే మాట నిజమే అయినా, అలాంటి మేనల్లుళ్లలో అత్యధికులకు అది ఎన్నటికీ రాదు.

అసలు చూడవలసింది ఊరి పరిమాణం కాదని నా అభిప్రాయం. దక్షిణ లండన్‌లో మైనారిటీ జాతులవారిపై జరిపిన పరిశీలనలో, తమవారు ఎక్కువగా ఉన్న పేటలకంటే, తమవారు పలుచగా ఉన్న పేటల్లో నివసించేవారికే స్కిజోఫ్రీనియా ఎక్కువగా వచ్చింది. తక్కువ, మధ్యస్థాయి ఆదాయం గల 42 దేశాల సమాచారాన్ని 2018లో విశ్లేషించినప్పుడు, నగరవాసానికీ సైకోసిస్‌కూ అలాంటి సంబంధమే తేలలేదు. చుట్టూ ఉన్నవారిలో తానొక్కడే వేరన్న భావన, వివక్ష, ఎవరినీ నమ్మలేని వాతావరణం దీర్ఘకాలం కొనసాగితే మెదడుపై ఒత్తిడి పడుతుందనీ, మామూలు ఘటనలో కూడా హాని వెతుక్కునే అలవాటు బలపడుతుందనీ భావిస్తున్నాం.

కాబట్టి ఇంటి అద్దెకంటే ముందు బడి సంగతి చూడండి: అక్కడ అబ్బాయితో కలిసి కూర్చునేవారు, ఆడుకునేవారు ఉంటారా? పాత స్నేహితులతో ఫోన్‌లో మాట్లాడుతుంటే చదువు పాడవుతుందని ఆపకండి. బడిలో ఏడిపిస్తున్నారని చెబితే తేలిగ్గా కొట్టిపారేయకండి. గంజాయి గురించి సూటిగా మాట్లాడండి. మన చేతిలో ఉన్న కారణాల్లో అది ముఖ్యమైనది, లేత వయసులో మొదలుపెడితే మరీ ప్రమాదం. వాడిలో మేనమామ పోలికలు వెతుకుతూ రోజంతా కనిపెట్టుకుని ఉండడం మాత్రం వద్దు, ఆ చూపు పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది.

ఎప్పుడో ఒకసారి ఎవరో పిలిచినట్టు అనిపించడం పిల్లల్లో అరుదేమీ కాదు, చాలావరకు అదే పోతుంది. కానీ కొన్ని వారాలుగా స్నేహితులను వదిలేసి గదిలోనే ఉండిపోతున్నా, రాత్రి నిద్ర పగటికి మారినా, పక్కింటివారు తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీలు మూసేస్తున్నా, లేని మాటలకు జవాబు చెబుతున్నా, సైకియాట్రిస్టును కలవడంలో జాప్యం చేయకండి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే కోలుకునే అవకాశం అంత మెరుగు. మేనమామ జబ్బు సంగతి ఆ డాక్టరుకు మొదటి రోజే చెప్పండి.