మైలేజీ ఎక్కువిచ్చే చిన్న కారా, అమ్మగారు సులువుగా ఎక్కే ఎత్తైన కారా?

నెలకు 800 కిలోమీటర్లు తిరిగే ఇంటికి లీటరుకు 20 ఇచ్చే చిన్న కారు మేలా, 16 ఇచ్చే ఎత్తైన కారు మేలా అని అడిగారు. మైలేజీని లీటర్లలోకి మార్చి చూడండి. మొదటిదానికి నెలకు 40 లీటర్లు, రెండోదానికి 50. పెట్రోలు లీటరు 107 రూపాయలనుకుంటే తేడా 1,070 రూపాయలు. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు తలుపు పట్టుకుని, నడుము వంచి, కిందికి జారినట్టు కూర్చోవాల్సిన అవస్థ తప్పుతుందంటే, నా దృష్టిలో అది ఎక్కువ ఖర్చు కాదు. అదే మీరు నెలకు 2,500 కిలోమీటర్లు తిరిగేవారైతే తేడా 3,300 దాటుతుంది. అప్పుడు నా సలహా మారేది.

కంపెనీ చెప్పే మైలేజీ ప్రయోగశాల పరీక్షలో వచ్చినది. సిగ్నళ్ల దగ్గర ఏసీ వేసుకుని ఆగే హైదరాబాద్ రోడ్ల మీద అంత రాదు. సీఎన్‌జీ ఖర్చు తగ్గిస్తుంది కానీ చాలా కార్లలో సిలిండరు డిక్కీని చాలావరకు ఆక్రమిస్తుంది. ఊరికి బియ్యం బస్తాతో, చక్రాల కుర్చీతో వెళ్లేవారు డిక్కీ తెరిపించి చూశాకే అడ్వాన్సు ఇవ్వాలి. షోరూముకు అమ్మగారినీ తీసుకెళ్లి, రెండు కార్లలోనూ నాలుగైదుసార్లు ఎక్కించి దింపి చూడండి.